కుట్టేసిన జేబు

పటమట టైలరు మీరావలి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
నా వంకా ప్యాంటు వంకా మార్చి మార్చి చూశాడు.
"అందరూ ఇంకో జేబు పెట్టమంటారు,
ఉన్నదాన్ని కుట్టెయ్యమన్నది నువ్వొక్కడివే లింగం."
కుడివైపుది, అన్నాను.
నోరు బిగించి కుట్టు.

ఇరవై రెండేళ్లుగా అది ఖైనీ పొట్లం కాపురం.

ఒట్లకేం కొదవ లేదు నాకు.
పుష్కరాల్లో పద్మావతి ఘాట్ దగ్గర మూడు మునకలేసి
ముక్కులోంచి కృష్ణ కారుతుండగా ఒకటి,
చందన పుట్టినప్పుడు ఆసుపత్రి మెట్ల మీద ఒకటి,
చిగుళ్లు చూసిన డాక్టరు ఏమీ అనకుండా
టార్చిలైటు ఆర్పేసిన రోజు ఇంకోటి.
ప్రతి ఒట్టూ కొండంత.
ప్రతి ఒట్టూ ఆటోనగర్ గేటు దాకా నాతో నడిచి
కిళ్లీకొట్టు దగ్గర చిల్లర కోసం ఆగింది.

లేతు ముందు నిలబడి బతికేవాణ్ణి,
నాకు ముందే తెలిసుండాల్సింది.
తుప్పుపట్టిన షాఫ్టుని ఒకే కోతలో
నున్నగా చేసేద్దామని లోతుగా దించితే
విరిగేది తుప్పు కాదు, టూలు.
కుర్రాళ్లకి రోజూ చెబుతాను:
వెంట్రుకవాసి దించు, వెనక్కి రా, మళ్లీ వెంట్రుకవాసి.
చెప్పే నోట్లో మాత్రం
పెదవి కింద పొగాకు ఊరుతూ ఉండేది.

ఒకరోజు లెక్కపెట్టాను.
ఊరికే, మానాలని కాదు.
మిషను పక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు.
భోజనాల వేళకి పదకొండు.
అందులో నేను కావాలనుకున్నవి రెండే.
మిగతా తొమ్మిదీ చెయ్యి వేసుకుంది.
బేరింగు బిగుసుకుంటే వెళ్లింది,
కరెంటు పోతే వెళ్లింది,
ఓనరు బాబ్జీ ఫోనులో ఎవర్నో తిడుతుంటే వెళ్లింది,
పని బాగా కుదిరినందుక్కూడా వెళ్లింది.
నేనేమో ఇన్నాళ్లూ
నా మనసుతో తగువు పెట్టుకుంటున్నాను,
సంతకాలు పెడుతున్నది చెయ్యని తెలీక.

కుట్టించుకొచ్చిన మర్నాడు
చెయ్యి వెళ్లి దారం తగిలి ఆగింది.
తాళమేసిన ఇంటి ముందు చుట్టంలా
కాసేపు నిలబడింది.
అరక్షణం. అంతే.
ఆ అరక్షణంలో నాకు నేను కనపడ్డాను.
దారం తెంపొచ్చు, ఎడంజేబు వాడుకోవచ్చు,
కొట్టు నలభై అడుగులే,
లేదూ, మంచినీళ్లు తాగొచ్చు.
ఇరవై రెండేళ్లలో నన్నెవరూ
ఇప్పుడేం చేస్తావని అడగలేదు.
ఒక కుట్టు అడిగింది.

అంత తేలిగ్గా గెలిచాననుకోకండి.
రోహిణి కార్తెలో ఓ రాత్రి, తమ్ముడి లారీ
గన్నవరం దాటాక డివైడరెక్కిందని కబురొస్తే
టూలు మొనతో కుట్టు చీల్చాను.
లోపల ఏమీ లేదు, తెలుసు.
ఆ ఖాళీలో వేళ్లు పెట్టుకునే
కొట్టు దాకా నడిచాను.
వాడికి కాలు విరిగింది, నాకు దారం తెగింది.
ఇద్దరికీ తెల్లారేలోగా కట్టు కట్టలేకపోయారు.

పొద్దున మీరావలి ఏమీ అడగలేదు.
ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు.
అదే రంగు దారం ఎక్కించి
ఇరవై రూపాయలు తీసుకున్నాడు.
వెనకటి ఒట్లు పగిలినప్పుడు
పెంకులేరుకోడానికే ఏడాది పట్టేది.
దీనికి పావుగంట.

"మానేశావా నాన్నా?" అంది చందన.
మానేశాను అనబోయి ఆగాను.
ఆ మాట మరీ లోతు కోత.
"ఇవాళ నీళ్లు తాగాను" అన్నాను.
అర్థం కానట్టు చూసి
సీసా నింపి సంచిలో పెట్టింది.

పదకొండు నెలలు.
మిషను ఆపగానే చెయ్యి ఇప్పటికీ వెళుతుంది,
ఇల్లు మారినా పాత గుమ్మానికే పోయే పిల్లిలా.
పోనిస్తాను, తిట్టను.
దారం తడుముకుని తిరిగొచ్చి
ఏం చెయ్యాలో తోచక వేలాడుతుంది.

ఈమధ్య దానికో సుద్దముక్క ఇస్తున్నాను.
లెక్కగీతలు కాదు, ఏవేవో గీస్తోంది గోడ మీద.
నిన్న గీసింది పిచ్చుకో, నూనె డబ్బానో
కుర్రాళ్లు ఇంకా తేల్చుకోలేదు.